నీటిలో గట్లు

(బరంపురంలో తెలుగువాళ్ల నెలవారీ సభలో, రిటైరైన ఒక భూగోళం టీచరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

ముప్పై రెండేళ్లు నేను బడిలో భూగోళం చెప్పాను. ఈ హాల్లో కూడా నా దగ్గర చదువుకున్నవాళ్లు కనిపిస్తున్నారు. ప్రతి ఏడూ ఒడిశా పటం గీసినప్పుడు కింద, సముద్రం ఒడ్డున, బేరిపండు ఆకారంలో ఒక గీత గీసేదాన్ని. లోపల నీలం సుద్దతో పులిమేదాన్ని. "చిలికా. మన దేశంలో అన్నిటికంటే పెద్ద ఉప్పునీటి సరస్సు. వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్లు, ఎండాకాలంలో 900 పైన." పిల్లలు రాసుకునేవాళ్లు. పరీక్షలో అదే రాస్తే మార్కులు వేసేదాన్ని. ఆ గీత లోపల నీలం రంగు తప్ప ఇంకేమైనా పెట్టాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఈ ఫాల్గుణంలో ఐదు రోజులు తెరచాప పడవలో ఆ గీత లోపల తిరిగొచ్చాను. ఒక దీవిలో, చేపలు పట్టుకుని బతికేవాళ్ల ఊళ్లో, రెండు రోజులు ఉన్నాను. అక్కడ చూసింది మీకు చెప్పాలని కమిటీవాళ్లను అడిగి మరీ ఈ సాయంత్రం తీసుకున్నాను.

ఊరి పేరు మాత్రం చెప్పను. చిలికాలో పారికూద్ దీవుల వైపు, పూరీ జిల్లాలోకి వస్తుంది, అంతవరకే. అక్కడ హోటళ్లు లేవు, ఎవరూ టూరిస్టుల కోసం ఎదురు చూడటం లేదు. పేరు చెప్పి మిమ్మల్ని అటు పంపే హక్కు నాకు లేదనిపించింది.

పక్షుల గురించీ, డాల్ఫిన్ల గురించీ వినాలని వచ్చినవాళ్లు ఉంటే క్షమించాలి. నలబణ దీవిలో పిట్టలున్నాయి, సాతపడా దగ్గర ఇరావడ్డీ డాల్ఫిన్లు ఉన్నాయి, వాటి గురించి ఇంకో రోజు తప్పకుండా మాట్లాడతాను. ఈరోజు మనుషుల గురించే.

ఈ ప్రయాణం ఆలోచన మా తమ్ముడిది. వాడు నేవీలో చేరిన కొత్తలో ఐఎన్ఎస్ చిల్కాలో ట్రైనింగ్ అయ్యాడు. 1980లో మొదలైన కేంద్రం అది, సరస్సు ఒడ్డునే ఉంది. తెరచాప కట్టడం, విప్పడం వాడికి అక్కడే అబ్బింది. రిటైరై ఇంటికొచ్చాక, "అక్కా, మోటారు లేకుండా ఒక్కసారి చిలికా దాటుదాం" అని రెండేళ్లు నా వెంట పడ్డాడు. నాకేమో నీళ్లంటే భయం. ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది.

పడవ మాది కాదు. పాలూరు వైపు ఒక తాతది. ఆయన మన మనిషే, తెలుగువాడే. బయటివాళ్లు నోలియాలంటారు. పూరీలో యాత్రికుల్ని చెయ్యి పట్టుకుని సముద్ర స్నానం చేయించేవాళ్లు కూడా ఆ నోలియాలే. వాళ్లు తమని తాము వాడబలిజలమని చెప్పుకుంటారు. గంజాం తీరం పొడుగునా వాళ్ల ఊళ్లు ఉన్నాయి, ఇంట్లో తెలుగే. తాత సముద్రంలో చాలా ఏళ్లు పనిచేసి, ఒంట్లో సత్తువ తగ్గాక చిలికా వైపు వచ్చాడు. ఒడియా, తెలుగు రెండూ ఒకే వాక్యంలో కలిపేస్తాడు. పాలూరు పేరు చిన్నదే గానీ, ప్రాచీన గ్రీకు పండితుడు టాలెమీ రాసిన భూగోళంలో పలూరా అని ఉన్న రేవు ఇదేనని పండితులు చాలామంది అంటారు. తూర్పు దీవులకు వెళ్లే ఓడలు అక్కడ తీరం విడిచిపెట్టేవట. తాతకి టాలెమీ తెలియదు. నేను చెప్తే, "మా ఊరి పేరు ఆడికెట్టా తెలిసిందమ్మా?" అని అడిగాడు. వ్యాపారులు చెప్పి ఉంటారన్నాను. తల ఊపాడు, ఆ మాట నమ్మాడు.

చిలికా పడవ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు. దాని అడుగు చదునుగా ఉంటుంది. చాలాచోట్ల నీళ్లు మనిషి లోతు కూడా ఉండవు, అందుకే అలా చేస్తారు. వెదురు బొంగు మీద చాప ఎత్తుతారు. వాళ్లు తెరచాపని ఊరికే చాప అంటారు. గాలి వెనక నుంచి వస్తే ఎంతో హాయిగా పోతుంది. పక్కనుంచి వస్తే అడ్డంగా జారిపోతుంది, నీళ్లను పట్టుకోవడానికి దాని అడుగున ఏమీ లేదు కాబట్టి. గాలికి ఎదురు మాత్రం పోలేదు. అప్పుడు చాప దించి గెడ వేయాల్సిందే.

కాబట్టి గాలి చెప్పినట్టు మనం వినాలి. ఆ రోజుల్లో తెల్లవారుజామున ఉత్తరపు గాలి ఉంటుంది. ఎండెక్కాక పడిపోతుంది. మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి పైరగాలి లేస్తుంది, సాయంత్రానికి బలపడుతుంది. మేం వెళ్లాల్సింది ఈశాన్యానికి. రంభ రేవులో ఉదయం ఆరింటికి ఎక్కి కూర్చుంటే, తాత చుట్ట ముట్టించి "ఇంకా మజ్జాన్నం దాకా ఏటీ లేదు" అన్నాడు. ఏడు గంటలు కూర్చున్నాం. మా పక్క నుంచి మోటారు బోట్లు టూరిస్టులతో వెళ్లిపోయాయి. నాకు మొదటి రెండు గంటలూ టెన్షన్. తరవాత రేవులో పనులు చూడటం మొదలుపెట్టాను. ఐసు పెట్టెలు, పీతల బుట్టలు, ఎవరు ఎవరికి ఎంత బాకీ అనే మాటలు. ఒక పీత డొల్లదా గట్టిదా అని పొట్ట నొక్కి చూసి, ధర సగానికి తగ్గించేశారు. పట్టినవాడు ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదో నాకు దీవికి వెళ్లాక తెలిసింది.

ఒంటిగంట దాటాక చాప ఎత్తాం. తాత వెనక అమరం మీద, తమ్ముడు చాప తాడు దగ్గర, నేను మధ్యలో నీళ్ల బిందెని పట్టుకుని. రంభ అఖాతంలో ఒక బండ మీద పాత స్తంభం ఉంటుంది, చూసే ఉంటారు. దీపం పెట్టడానికని కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించింది. కొంచెం ముందుకు పోతే బడకుదా దీవి. జువలాజికల్ సర్వేకి మొదటి డైరెక్టరైన నెల్సన్ అన్నండేల్, 1917లో ఆ దీవి నుంచి కాళ్లు లేని ఒక స్కింకుని, అంటే నలికిరి జాతి జీవిని, లోకానికి పరిచయం చేశాడు. దానికి బార్కుడియా అని దీవి పేరే పెట్టాడు. వేళ్ల మధ్య మట్టిలో దూరి ఉంటుంది, చూస్తే పాముపిల్ల అనుకుంటారు. మేం దిగలేదు. రాత్రి ఆ దీవి చాటున లంగరేసి పడవలోనే పడుకున్నాం.

అక్కడ పడుకుని నేను ఆలోచించింది మా నాన్నగారి గురించి. ఆయన పుట్టినప్పుడు మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాకే ఇటు వచ్చాం. అంతకుముందు రంభ మద్రాసుది, ఎదురుగా ఉన్న పారికూద్ వేరే రాష్ట్రానిది. అంటే ఆ నీటి మధ్యలో ఎక్కడో మద్రాసు ముగిసేది. మా నాన్నగారు చెప్పేవారు, "నీళ్లలో హద్దు ఏమిటే, చేపకి తెలుస్తుందా?" అని. నేనూ అదే అనుకుంటూ పెరిగాను. నీళ్లలో హద్దుండదని.

రెండో రోజు మధ్యాహ్నం పైరగాలి లేవగానే బయలుదేరాం. ఖల్లికోట కొండలు వెనక్కి తగ్గిపోయాయి, నాలుగు వైపులా నీళ్లే. తాత కాలీజాయి వైపు చెయ్యెత్తి దండం పెట్టాడు. దీవి కనిపించకపోయినా దిక్కు ఆయనకు తెలుసు. జాయి కథ మీకు తెలియంది కాదు. పెళ్లయిన పిల్లని తండ్రి పడవలో పారికూద్ అత్తవారింటికి తీసుకెళుతుంటే గాలివాన వచ్చి పడవ తిరగబడింది. అందరూ దొరికారు, పిల్ల దొరకలేదు. ఆ పిల్లే కాలీజాయి అమ్మవారు. మకర సంక్రాంతికి జాతర చేస్తారు. ఒడ్డున విన్నప్పుడు అది కథలాగే ఉండేది. చదును అడుగు పడవలో, మధ్య నీళ్లలో, గాలి బలపడుతుంటే, నేను చీర కొంగు నడుముకి బిగించి కట్టుకున్నాను.

పొద్దు వాలింది. దీవిలో చెట్లు కనిపిస్తున్నాయి. ఇంకో అరగంటలో చేరతాం అనుకున్నాం. గాలి దక్షిణం నుంచి కొంచెం పడమటికి తిరిగింది. పడవ పక్కకి జారడం మొదలైంది. తాత "సాప దించండి, సాప దించండి" అని అరిచాడు. తాడు ముడి బిగుసుకుపోయింది. ఎదురుగా నీళ్లలో వెదురు బొంగుల వరస, చీకట్లో అప్పుడే కనబడింది. తప్పించలేకపోయాం. పడవ అడ్డంగా వెళ్లి ఆ వరస మీద పడింది. బొంగులు పటపట విరిగాయి. వల చుక్కానికి చుట్టుకుంది. చాప కొస ఒక బొంగుకి తగులుకుని బారెడు చినిగింది.

అది ఖండా. రొయ్యలకీ పీతలకీ పెడతారు. పొడుగ్గా ఒక వల గోడలాగా నిలబెట్టి, దాని చివర పెట్టెలాంటి వల కడతారు. రొయ్య రాత్రిపూట తిరుగుతుంది. గోడ అడ్డొస్తే దాన్ని ఆనుకుంటూ పోయి పెట్టెలో పడుతుంది. సాయంత్రం సర్ది, తెల్లవారేలోపల ఎత్తుతారు. మేం పాడుచేసింది ఆ రాత్రి ఒక ఇంటి సంపాదన.

తమ్ముడు టార్చి వేసి విడదీయబోతే తాత వద్దన్నాడు. "మన సేతుల్తో ముట్టుకోకూడదు బాబూ. పొద్దున్న ఆలొచ్చి సూడాల. ఎంత పాడైనాదో ఆలే సెప్పాల." చుక్కానికి చుట్టుకున్నంత మాత్రం విప్పి, చాప దించి, అక్కడే లంగరేశాం. ఒడ్డున దీపాలు కనిపిస్తున్నాయి. ఎవరూ నిద్రపోలేదు.

తెల్లవారుజామున ఒక చిన్న పడవలో ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. కూడా పదేళ్ల మనవడు. ఆమె మమ్మల్ని చూసింది, వరస చూసింది. ఒక్కొక్క బొంగు దగ్గరికీ వెళ్లి చేత్తో తడుముతూ లెక్కపెట్టింది. పదకొండు బొంగులు, రెండు పెట్టెలు. తరవాత నా వైపు తిరిగి ఒకే మాట అడిగింది. "పచారిల నాహిఁ కాహిఁకి?" అడగలేదేం?

మీ అందరికీ ఒడియా వచ్చు, ఆ మాట ఎలా తగులుతుందో తెలుసు. నేను చీకటి గురించి, గాలి గురించి చెప్పబోయాను. ఆమె వినలేదు. వినాల్సిన పని కూడా లేదు. బయలుదేరే ముందు ఎవరో ఒకరికి ఫోన్ చేసి, ఆ ఊరివాళ్లను ఒక్కర్ని అడిగి ఉంటే, ఏ వైపు నుంచి రావాలో చెప్పేవాళ్లు. మాకు తోచలేదు. నీళ్లే కదా, ఎటు నుంచి వెళ్తే ఏం అనుకున్నాం.

ఊళ్లోకి తీసుకెళ్లారు. భాగవత టుంగి ముందు కూర్చోబెట్టారు. అది మన రామమందిరంలాగా, సాయంత్రాలు భాగవతం చదువుకునే చోటు, ఊరి పంచాయితీ కూడా అక్కడే. పెద్దలు నలుగురు వచ్చారు. ఎవరూ అరవలేదు. బొంగుకి ఇంత, వలకి ఇంత, ఒక రాత్రి పట్టు ఇంత అని లెక్క కట్టారు. మొత్తం మూడు వేల ఆరు వందలు. తమ్ముడు ఐదు వేలు ఇవ్వబోయాడు. ఒక పెద్దాయన పద్నాలుగు వందలు వెనక్కి ఇచ్చేసి, "లెక్క లెక్కే" అన్నాడు. ఆమె డబ్బు తీసుకుంది. ఇంకొకటి కూడా అడిగింది. చినిగిన చాప కొస ఇమ్మంది. తాత కత్తితో కోసి ఇచ్చాడు. దాన్ని పీలికలు చేసి, వరస చివరి బొంగులకి కట్టడానికట. తెల్లగుడ్డ కాబట్టి చీకట్లో కొంచెం కనిపిస్తుంది. మేమున్నంతసేపూ ఆమె నాతో మళ్లీ మాట్లాడలేదు.

మాట్లాడింది ఒక కుర్రాడు. తెలుగులో! అదీ మన తెలుగు కాదు, హైదరాబాద్ తెలుగు. "అమ్మా, బరంపురంకెల్లి వచ్చిన్రా?" అన్నాడు. నాలుగేళ్లు మియాపూర్ దగ్గర అపార్టుమెంట్లకి సెంట్రింగ్ పని చేశాడట. చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు ఎనిమిదో అంతస్తులో ఇనుప రేకులు బిగించాడు. ఎందుకెళ్లావు నాయనా అంటే, "నీళ్లు లేకుండె" అన్నాడు. నాకు అర్థం కాలేదు. చుట్టూ కనుచూపు మేర నీళ్లే ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం తన పడవలో మమ్మల్ని తిప్పి చూపించాడు. అప్పుడు అర్థమైంది. "ఇది మా సొసైటీది. ఆ బొంగు అవతల పక్క ఊరిది. అదిగో, ఆ నల్లగా కనిపించేది దియాన్." దియాన్ అంటే లోతు తక్కువ, బుట్టలతో మాటు వేసి రొయ్యలు పట్టే చోటు. లోతు ఎక్కువున్న చోట తిరుగుతూ వల వేస్తే దాన్ని బహానీ అంటారు. దీవుల చుట్టూ చలికాలంలో వెదురు తడికలతో పెద్ద కంచె కట్టి, లోపలికొచ్చిన చేపని నెలల తరబడి బయటికి పోనివ్వకుండా పట్టేది జానో. ఆ కంచె మేం వెళ్లేసరికి విప్పేశారు, మోడుల్లాగా కొన్ని కొయ్యలు మిగిలాయి. ప్రతి చోటుకీ పేరుంది. పొలాలకి ఉన్నట్టే. ఏ కులంవాళ్లు ఏ సాధనంతో ఎక్కడ పట్టాలో తాతల కాలం నుంచి ఏర్పాటుంది. కేవట కులంవాళ్లది ఒక పద్ధతి, కండరా కులంవాళ్లది ఒకటి. తరవాత సహకార సంఘాలు వచ్చాయి. 1959లో బాలుగావ్‌లో వాటన్నిటికీ కేంద్ర సంఘం పెట్టారు. ప్రభుత్వం నుంచి నీళ్లు కౌలుకి తీసుకుని, ఊరి సంఘాలకి పంచేది.

మరి నీళ్లు ఎలా పోయాయి? రొయ్యవల్ల పోయాయి. 1980ల్లో టైగర్ రొయ్యకి విదేశాల్లో ధర పెరిగింది. అంతవరకూ చేపలు పట్టే కులాలు కానివాళ్లు, డబ్బున్నవాళ్లు, నీళ్లలోకి వచ్చారు. నీళ్ల మధ్యలో వల కంచెలు కట్టి లోపల రొయ్యని పెంచారు. దాన్ని ఘేరీ అంటారు. 1991లో వచ్చిన కౌలు విధానం, చేపలు పట్టడం వేరు, పెంచడం వేరు అని విడదీసి, పెంచేవాళ్ల పేరుతో బయటివాళ్లకి తలుపు తీసింది. అదే రోజుల్లో ఒక పెద్ద కంపెనీతో కలిసి భారీ రొయ్యల ప్రాజెక్టు పెట్టబోతే, చిలికా బచావో ఆందోళన లేచి దాన్ని ఆపింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికాకి, మన పులికాట్‌కి వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని చెప్పింది. ఘేరీలు మాత్రం లేచిపోలేదు. 1999 మే 29న చేపలవాళ్లు స్వయంగా కంచెలు పీకేశారు. ఆ రాత్రి సోరణలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. ఇక్కడికి ఎంత దూరం? బస్సెక్కితే పూటలో వెళ్లొచ్చు. ఆ ఏడు కూడా నేను బడిలో నీలం సుద్దతో చిలికా పులిమాను.

ఆ కుర్రాడి నాన్న ఆ పోరాటాల్లో తిరిగాడట. ఇప్పటికీ ఘేరీలు తీయడం, మళ్లీ రావడం జరుగుతూనే ఉందన్నాడు. వీళ్ల చోటు చుట్టూ కంచెలు పడితే చేప లోపలికి రాదు. చేప రాకపోతే వ్యాపారి దగ్గర ముందే తీసుకున్న అప్పు తీరదు. అప్పు ఉన్నన్నాళ్లూ సరుకు అతనికే ఇవ్వాలి, అతను చెప్పిన ధరకే. రంభ రేవులో పీత ధర సగానికి కోస్తే ఎందుకు నోరెత్తలేదని నేను అడిగిన ప్రశ్నకి జవాబు అదే.

సరస్సు బాగుపడలేదని కాదు. అది కూడా చెప్పాలి. దయా, భార్గవి నదులు తెచ్చే మట్టితో సముద్రపు నోరు పూడుకుపోయి, ఉప్పు తగ్గి, గడ్డీ తూడూ పెరిగి, 1993లో చిలికాని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సిపకుదా దగ్గర ఇసక కోసి కొత్త నోరు తెరిచారు. సముద్రం లోపలికి వచ్చింది. అంతకుముందు ఏడాదికి 1,750 టన్నుల దగ్గర ఉన్న పట్టుబడి, రెండేళ్లలో దాదాపు 12 వేల టన్నులకి పెరిగింది. 2002లో ఆ జాబితా నుంచి తీసేశారు, అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. ఇది గొప్ప పని, మనం గర్వపడాలి. ఆ కుర్రాడితో అంటే, "అవునమ్మా, చేప వచ్చింది. ఎవరి వల్లో పడిందో అదే సంగతి" అన్నాడు.

వాళ్లింట్లో పఖాళ, అంటే నీళ్లు పోసిన చద్దన్నం, పెట్టారు. వేయించిన కుండళా చేప, మనం దువ్వెన చేప అంటామే, అది. ఎండు రొయ్యల పచ్చడి. బోరింగు నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి, వాళ్లకి అలవాటే. వాళ్ల అమ్మ నా చేతులు చూసి, వల ఎప్పుడూ పట్టలేదు కదా అంది. సుద్ద పట్టానన్నాను.

మర్నాడు పొద్దున్న బడికి వెళ్లాను. పాత అలవాటు, బడి ఉందంటే కాళ్లు అటే పోతాయి. టీచరు అవతలి ఒడ్డు నుంచి పడవలో వస్తాడు. గాలివాన రోజు రాలేడు. ఆయన అనుమతి తీసుకుని, నాలుగైదు తరగతుల పిల్లల్ని చిలికా బొమ్మ గీయమన్నాను. ఇరవై మంది ఉంటారు.

ఒక్కరు కూడా ఒడ్డు గీయలేదు.

నేను బేరిపండు కోసం చూశాను, ఎవరి కాగితం మీదా లేదు. కాగితం మధ్యలో వాళ్ల ఊరు. అక్కడి నుంచి నాలుగు వైపులా గీతలు, చుక్కల వరసలు. చుక్కలు బొంగులు. ఒక అమ్మాయి ప్రతి వరస పక్కనా ఎవరిదో పేరు రాసింది. ఒక అబ్బాయి లోతు ఎక్కువున్న చోట పెన్సిలు గట్టిగా నొక్కాడు, తక్కువున్న చోట పైపైన రాశాడు. ఇంకొకడు సెల్ టవర్ పెట్టాడు, అది బాలుగావ్‌ది, రాత్రి దారి తప్పితే దాని ఎర్ర దీపం చూసి రావాలట. మా పడవ పడిన వరస ఏదని అడిగితే, ముగ్గురు ఒకేసారి లేచి చూపించారు. అప్పటికే ఒక బొమ్మలో ఆ చోట పదకొండు చుక్కలు లేవు. నాలుగో తరగతి పిల్ల తుడిచేసింది.

ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను. ఇదిగో. ముందు వరస నుంచి వెనక్కి పంపండి, జాగ్రత్త, పెన్సిలుది, చెరిగిపోతుంది.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉత్తరపు గాలికి తెల్లవారుజామునే బయలుదేరాం. ఆ కుర్రాడు తన పడవలో ముందు నడిచి, వాళ్ల హద్దు దాకా దారి చూపించాడు. అక్కడి నుంచి ఎటు పోవాలో తాతకి చెప్పాడు, అక్కడ ఎవరి నీళ్లో, వాళ్లకి ముందే ఫోన్ చేశానని కూడా చెప్పాడు. ఆ వరస పక్క నుంచే వెళ్లాం. చివరి బొంగుకి మా చాప పీలిక కట్టి ఉంది.

(సభలో ఒకరు: మోటారు బోటులో వెళ్లి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదమ్మా?)

వల మీద పడేవాళ్లం కాదు, నిజమే. తిరిగేవాళ్లం, ఆపేవాళ్లం. రెండు గంటల్లో వెళ్లి, ఫోటోలు తీసుకుని, చీకటి పడకముందే వచ్చేసేవాళ్లం. ఆ బొంగులు కూడా చూసేవాళ్లం, అందంగా ఉన్నాయనుకునేవాళ్లం. నేను మోటారు తప్పని అనడం లేదు. ఆ ఊళ్లో కూడా చాలా ఇళ్లకి మోటారు ఉంది, పురిటి నొప్పులొచ్చిన మనిషిని గాలి కోసం కూర్చోబెట్టలేరు కదా. నేను మన గురించి చెప్తున్నాను, ఊరికే చూడటానికి వెళ్లేవాళ్ల గురించి. గాలి కోసం రేవులో ఏడు గంటలు కూర్చోకపోతే నేను ఆ పీత బేరం చూసేదాన్ని కాదు.

(మరొకరు: మేం వెళ్లాలంటే ఎలా?)

ముందు మనిషిని వెతకండి, తరవాత పడవని. రంభలో, బాలుగావ్‌లో సొసైటీవాళ్లు ఉంటారు. ఫలానా ఊరికి వస్తున్నాం, ఏ దారిన రావాలి, ఎవరి నీళ్లలోంచి రావాలి అని అడగండి. చీకటి పడ్డాక చేరేలా బయలుదేరకండి. ప్లాస్టిక్ తీసుకెళ్తే వెనక్కి తెచ్చుకోండి, అక్కడ చెత్త బండి రాదు. చేప కొంటే రేవు ధరకి బేరం ఆడకండి. మే, జూన్ వద్దు, గాలి చాలా గట్టిగా ఉంటుంది. అక్టోబరు కూడా తుఫాను చూసుకుని. 2013లో ఫైలిన్ వచ్చింది అక్టోబరు 12నే, మీకు గుర్తుండే ఉంటుంది, మనింటి కప్పులే లేచిపోయాయి.

మేం మళ్లీ మార్గశిరంలో వెళ్తున్నాం. జానో కంచెలు నిలబడి ఉండే రోజులవి, చూడాలని ఉంది. ఈసారి ఆ ఊరికి ముందే చెప్పాం. కొత్త చాప కుట్టడం అయింది. పడవలో ఇంకా ఇద్దరికి చోటుంది. వచ్చేవాళ్లు బయట మా తమ్ముడికి పేరు ఇవ్వండి. ఆ కాగితం ఎవరి దగ్గర ఉంది? ఇలా ఇవ్వమ్మా.